అవుట్‌డోర్‌కు చోటేది?

సంపాదకులకు నమస్కారం.

నేను తిరుపతిలో ఏసీ మెకానిక్‌ని. ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ట్రేడ్ చేసి, మూడేళ్లు ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకుని, 1998లో కొర్లగుంటలో చిన్న షాపు పెట్టుకున్నాను. పేపరుకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఈ మధ్య మీ పత్రికలో ఏసీ కొనేటప్పుడు ఏమేం చూసుకోవాలో ఒక పేజీ నిండా వేశారు. ఎన్ని టన్నులు, ఎన్ని స్టార్లు, ఇన్వర్టరా కాదా, అన్నీ వివరంగా చెప్పారు. ఆ పేజీ చేతిలో పట్టుకుని మా షాపుకు ఇద్దరు ముగ్గురు వచ్చారు కూడా. కానీ అందులో అవుట్‌డోర్, అంటే స్ప్లిట్ ఏసీకి గది బయట బిగించే ఫ్యాను పెట్టె, ఎక్కడ పెట్టాలి అన్న మాట మాత్రం లేదు.

మీ తప్పని కాదు. ఆ మాట అసలు ఎవరూ అడగరు. ప్లాను గీసేవాళ్లు అడగరు, ఇల్లు కట్టేవాళ్లు అడగరు, ఏసీ అమ్మేవాళ్లు అడగరు. చివరికి నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిన మేం అడగాలి. అప్పటికి గోడలకు రంగులు కూడా అయిపోయి ఉంటాయి. "యాడో ఒకచోట కనబడకుండా తగిలించప్పా, ముందువైపు మాత్రం వద్దు" అంటారు. కనబడకుండా అంటే ఇంటి వెనక సందు, లేకపోతే బాత్‌రూం పైపులు దిగే డక్టు.

మొన్న మే నెలలో బస్టాండుకు దగ్గర్లో ఒక లాడ్జి నుంచి ఫోన్ వచ్చింది. ఐదంతస్తులు, ముప్పై ఏసీ గదులు. పై రెండు అంతస్తుల్లో మధ్యాహ్నం పన్నెండు దాటితే ఏసీలు ఆగిపోతున్నాయి, కొండ దిగి వచ్చిన యాత్రికులు రిసెప్షన్‌లో గొడవకు దిగుతున్నారు. "ప్రతి ఏడూ ఇదే గోల అన్నా. నువ్వొచ్చి గ్యాస్ కొట్టేసి పో, సీజన్ గడిచిపోతుంది" అన్నాడు మేనేజరు.

గ్యాస్ సిలిండరు బండిలోనే ఉంచి ముందు వెనకవైపు వెళ్లాను. లాడ్జికీ పక్క బిల్డింగుకూ మధ్య నాలుగడుగుల సందు. లాడ్జి గోడకు ఒకదాని మీద ఒకటి, వరసకు ఆరు చొప్పున ఐదు వరసల అవుట్‌డోర్లు. అన్నీ ఎదుటి గోడ మీదికే గాలి కొడుతున్నాయి. పైన పావురాలు రాకుండా, వాన పడకుండా ఫైబర్ షీటు కప్పేశారు. రోడ్డు మీద నీడలో నా థర్మామీటరు 41 డిగ్రీలు చూపింది. పైకి వెళ్లి ఐదో అంతస్తు కిటికీలోంచి వైరు కట్టి ఆ సందులోకి దించితే 56కు పోయింది. ఆ కిటికీ తెరిచినప్పుడు మొహానికి కొట్టిన సెగ పొయ్యి మూత తీసినట్టుంది. గ్యాస్ కొట్టను, డబ్బులొద్దు అని చెప్పేశాను.

ఎందుకు కొట్టలేదో చెప్పాలంటే ఏసీ ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి. ఇంజెక్షన్ వేసే ముందు చేతికి స్పిరిట్ రాస్తే చల్లగా అనిపిస్తుంది కదా. ఆ స్పిరిట్ ఆవిరైపోతూ ఒంట్లోని వేడిని తీసుకుపోతుంది. ఏసీలో జరిగేదీ అదే, కాకపోతే ఆవిరైనదాన్ని మళ్లీ పట్టుకుని ద్రవంగా మార్చి వాడుకుంటాం. గది లోపల ఇండోర్‌లో ఒక కాయిల్ ఉంటుంది. అందులో గ్యాస్ ద్రవంగా వచ్చి, అంత చల్లదనంలోనే మరిగి ఆవిరైపోతూ గదిలోని వేడిని పీల్చుకుంటుంది. దాన్ని ఎవాపొరేటర్ అంటారు, మేం కూలింగ్ కాయిల్ అంటాం. ఆ ఆవిరి లావు రాగి గొట్టంలో అవుట్‌డోర్‌కు వెళుతుంది. అక్కడ కంప్రెసర్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. సైకిల్‌కు గాలి కొట్టినప్పుడు పంపు కింద చెయ్యి పెడితే కాలుతుంది కదా, అలా నొక్కేసరికి ఆ ఆవిరి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. అది కండెన్సర్ కాయిల్‌లో తిరుగుతుంటే ఫ్యాను బయటి గాలిని దాని మీదుగా లాగుతుంది. వేడి గాలికి పోయి, ఆవిరి మళ్లీ ద్రవం అవుతుంది. ఆ ద్రవం క్యాపిలరీ అనే సన్నని గొట్టంలోంచో, ఎక్స్‌పాన్షన్ వాల్వులోంచో దూరి వచ్చేసరికి ప్రెషర్ పడిపోయి చల్లబడుతుంది, మళ్లీ ఇండోర్‌కు పోతుంది. చిన్న ఇంట్లో ఒకటిన్నర టన్ను ఏసీ అయినా, పెద్దాసుపత్రిలో గది అంత మెషిన్ అయినా ఈ నాలుగూ ఉండాల్సిందే.

అంటే ఏసీ చల్లదనాన్ని తయారుచేయదు. గదిలో వేడిని తీసుకెళ్లి బయట పారబోస్తుంది, అంతే. పారబోసేది కూడా గదిలోని వేడి ఒక్కటే కాదు, కంప్రెసర్ తిన్న కరెంటు కూడా వేడిగా మారి దాంతోపాటే బయటికి పోతుంది. టన్ను అనే మాట వెనకటి ఐసు లెక్క. ఒక టన్ను ఐసు 24 గంటల్లో కరిగితే ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత. ఇప్పటి లెక్కలో సుమారు మూడున్నర కిలోవాట్లు. ఒకటిన్నర టన్ను ఏసీ పూర్తిగా నడుస్తుంటే గదిలోంచి ఐదు కిలోవాట్ల పైచిలుకు వేడి తీసుకుని, దానికి కరెంటు వేడి ఒకటిన్నర కిలోవాట్ దాకా కలిపి బయటికి వదులుతుంది. ముప్పై ఏసీలకు కలిపి చూస్తే రెండు వందల కిలోవాట్లు. రెండు కిలోవాట్ల గీజర్లు వంద ఆన్ చేసి ఆ నాలుగడుగుల సందులో పెట్టి, పైన మూత వేసినట్టు. మేనేజరుకు ఈ లెక్క బిల్లు కాగితం వెనకాల వేసి చూపించాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు.

వేడి ఎప్పుడూ ఎక్కువ వేడి నుంచి తక్కువ వేడికే పోతుంది. బయటి గాలి 41 ఉంటే కండెన్సర్ దానికంటే పది పదిహేను డిగ్రీలు పైన ఉండి వేడిని వదిలేస్తుంది. దానికి అందే గాలే 56 ఉంటే, ఇంకా పైకి పోవాలి. ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది, చివరికి ఓవర్‌లోడ్ కొట్టి ఆగిపోతుంది. కింది వరస వదిలిన వేడిగాలి పైకి లేచి పై వరస పీలుస్తుంది, అది వదిలింది ఆ పైది పీలుస్తుంది. అందుకే కింది అంతస్తు బాగానే ఉండి, పై రెండు అంతస్తులే ఆగిపోయేది. అలాంటి మెషిన్‌లో ఇంకా గ్యాస్ ఎక్కిస్తే ప్రెషర్ ఇంకా పెరుగుతుంది.

ఇక్కడే ఇంకో మాట. గ్యాస్ పెట్రోలు కాదు, వాడితే అయిపోదు. అది ఆ గొట్టాల్లోనే తిరుగుతూ ఉంటుంది. ఇంట్లో ఫ్రిజ్‌కు ఎవరైనా ఏటా ఎండాకాలం గ్యాస్ కొట్టిస్తారా? దానిలోనూ ఇదే పద్ధతి. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉంది. చాలాసార్లు రాగి గొట్టాన్ని మెషిన్‌కు బిగించే ఫ్లేర్ నట్ దగ్గరే ఉంటుంది, సబ్బు నురగ రాస్తే బుడగ కనిపిస్తుంది. లీకు చూపించకుండా గ్యాస్ తగ్గిందని చెప్పేవాళ్లకు డబ్బులివ్వకండి. మా పనివాళ్లలోనూ అలా చేసేవాళ్లు ఉన్నారు, దాచడం దేనికి.

లాడ్జిలో ఆ రోజే ఫైబర్ షీటు తీయించాను. సాయంత్రం వరకు ఐదో అంతస్తులో రెండు గదులు తప్ప మిగతావి ఆగకుండా నడిచాయి. తర్వాత పది రోజులు తిప్పలు పడి పై రెండు వరసల అవుట్‌డోర్లు పన్నెండింటినీ మిద్దె మీదికి మార్చాం. రాగి గొట్టాలు కొత్తవి, స్టాండ్లు కొత్తవి, గోడలకు కన్నాలు. వాళ్లకు అయిన ఖర్చు చెప్పుకోవడానికి నాకే మనసు రావడం లేదు. బిల్డింగు కట్టే రోజునే అనుకుని ఉంటే ఇందులో చాలా భాగం ఉండేదే కాదు.

వేడి పోనీ, అసలు సంగతి ఇంకొకటి. ఈ ఉత్తరం రాయడానికి కారణం అదే.

రెండేళ్ల క్రితం ఒక అపార్ట్‌మెంటులో, మూడో అంతస్తు ఫ్లాటుకు సర్వీసుకు వెళ్లాం. అవుట్‌డోర్ బాత్‌రూం డక్టులో ఉంది. వెంటిలేటర్ అద్దం రెక్కలు తీసి, అందులోంచి పక్కకు ఒదిగి దూరితే తప్ప మెషిన్ అందదు. నిలబడడానికి అక్కడ ఏముంటుంది? డ్రైనేజీ పీవీసీ పైపులు. మా దగ్గర పనిచేసే కుర్రవాడు, పందొమ్మిదేళ్లవాడు, నడుముకు బెల్టు కట్టుకునే దిగాడు. బెల్టు ఉంది కానీ, దాని కొక్కెం తగిలించడానికి డక్టులో ఏమీ లేదు. మెషిన్ బ్రాకెట్‌కే తగిలించుకున్నాడు. ఆ బ్రాకెట్ తుప్పుపట్టి ఉంది. పైపు జారింది, బ్రాకెట్ ఊడింది. కింది అంతస్తు పైపుల మీద పడ్డాడు కాబట్టి బతికాడు. కాలు రెండు చోట్ల విరిగింది, రాడ్ వేశారు. ఐదు నెలలు మంచంలో ఉన్నాడు.

ఆసుపత్రి వరండాలో వాళ్లమ్మ నన్ను తిట్టలేదు. "ఆ పెట్టెను ఆడ ఎవరు పెట్టినారన్నా?" అని మాత్రం అడిగింది.

ఆ పెట్టెను అక్కడ పెట్టింది నేనే. అంతకు నాలుగేళ్ల ముందు, ఇల్లుగలాయన ముందువైపు వద్దంటే, ఇంకెక్కడా చోటు లేకపోతే, ఆ డక్టులో నా చేతులతోనే డ్రిల్లు వేసి బిగించాను. ఆ మాట ఆమెకు చెప్పాను. అప్పటి నుంచి డక్టులో అవుట్‌డోర్ పెట్టమంటే పని వదులుకుని వచ్చేస్తున్నాను. నేను వదిలేస్తే ఇంకొకరు వెళ్లి బిగిస్తున్నారని నాకు తెలుసు. అందుకే ఇది నా ఒక్కడితో అయ్యే పని కాదు.

వెనకటి రోజుల్లో విండో ఏసీలే కదా. నాలుగు భాగాలూ ఒకే పెట్టెలో, గోడకు కన్నం, లోపలి సగం చల్లన, బయటి సగం వేడి. చప్పుడు ఎక్కువే కానీ గదిలో నిలబడే దాన్ని బయటికి లాగి బాగుచేసేవాళ్లం. స్ప్లిట్ వచ్చాక వేడి సగం విడిపోయి గోడ వెనక్కి పోయింది, దాంతోపాటు జనం మనసులోంచీ పోయింది. షోరూంల్లో, హోటళ్లలో సీలింగ్‌లో కనిపించే క్యాసెట్ ఏసీ అయినా, కల్యాణమండపాల్లో డక్టుల ద్వారా చల్లగాలి పంపే డక్టబుల్ అయినా అంతే, దాని అవుట్‌డోర్ ఎక్కడో ఒకచోట వేడి కక్కుతూనే ఉంటుంది. పెద్ద లాడ్జి కొత్తగా కట్టేవాళ్లకు నేను చెప్పేది వీఆర్‌ఎఫ్ గురించి ఆలోచించమని. మిద్దె మీద రెండో మూడో పెద్ద అవుట్‌డోర్లు, వాటి నుంచి గొట్టాలు దిగి గదికొక ఇండోర్. మొదట్లో ఖర్చు ఎక్కువే, రిపేరు వస్తే కొన్ని గదులు కలిసి ఆగుతాయి కూడా, కానీ వేడి అంతా ఆకాశంలోకి పోతుంది, మెకానిక్ మెట్లెక్కి వెళ్లి నిలబడి పని చేసుకుంటాడు. ఇంకా పెద్ద ఆసుపత్రులు, మాల్‌లు అయితే చిల్లర్లు పెడతారు. గ్యాస్‌కు బదులు చల్లటి నీళ్లే గొట్టాల్లో బిల్డింగంతా తిరుగుతాయి. నీటితో చల్లబరిచే రకం అయితే వేడిని కూలింగ్ టవర్‌లో వదులుతారు. ఆ టవర్ నీళ్లను శుభ్రంగా ఉంచకపోతే మనుషుల ప్రాణం మీదికి వస్తుంది. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో సభకు వచ్చినవాళ్లకు న్యుమోనియా సోకి కొన్ని పదుల మంది చనిపోయారు. లెజియొనెల్లా అనే బ్యాక్టీరియాను ఆ తర్వాతే కనుక్కున్నారు. అది పెరిగే చోట్లలో కూలింగ్ టవర్ ఒకటి.

ఎయిర్ కూలర్ సంగతి కూడా అడుగుతుంటారు. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పనిచేస్తుంది, కిటికీ తెరిచి పెట్టాలి. అక్టోబరు, నవంబరు వానల్లో అది గదిని చెమ్మ చేయడం తప్ప ఏమీ చేయదు.

పత్రికవాళ్లకు రాస్తున్నాను కాబట్టి ఒకటి చెప్పాలనిపిస్తోంది. అసలు ఇప్పటి ఏసీ పుట్టిందే ప్రింటింగ్ ప్రెస్ కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్సులో గాలిలో తేమకు కాగితం సాగిపోయి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదట. ఆ తేమ తీయడానికి విల్లిస్ క్యారియర్ అనే పాతికేళ్ల ఇంజనీరు చేసిన ఏర్పాటు అది. ఐటీఐలో మా సారు మొదటి రోజు చెప్పిన పాఠం, ఇప్పటికీ నాకు ఇష్టం.

చలి దేశాల్లో ఇదే మెషిన్‌ను తిరగేసి వాడతారు. రివర్సింగ్ వాల్వ్ అని ఒకటి పెడితే గ్యాస్ వెళ్లే దారి మారి, బయటి వేడిని లోపలికి మోసుకొస్తుంది. దాన్నే హీట్ పంపు అంటారు. అక్కడ బాయిలర్లు, వేడినీళ్లు తిరిగే రేడియేటర్లు కూడా ఉంటాయి. మన ఊళ్లో గదులు వేడిచేసే అవసరం లేదు కానీ, వేడినీళ్ల అవసరం ఎంతుందో లాడ్జివాళ్లను అడగండి. తెల్లవారుజామున మూడింటికి దర్శనానికి బయల్దేరేవాళ్లు, గుండు కొట్టించుకుని వచ్చి స్నానం చేసేవాళ్లు. నేను చెప్పిన ఆ లాడ్జిలోనే ముప్పై గదులకు ముప్పై గీజర్లు. వెనక సందులో వేడిని పారబోస్తూ, ముందు గదుల్లో కరెంటు కాల్చి వేడి తయారుచేస్తున్నారు. గీజరు ఒక యూనిట్ కరెంటుకు ఒక యూనిట్ వేడే ఇస్తుంది. నీళ్లు కాచే హీట్ పంపు అదే కరెంటుతో గాలిలోని వేడిని కూడా లాక్కుని సుమారు మూడింతలు ఇస్తుంది. మిద్దె మీద సోలార్ ఉంటే మరీ మంచిది. ఇవన్నీ ప్లాను గీసేటప్పుడే కూర్చుని మాట్లాడుకోవాల్సినవి.

ఇప్పుడు మన జిల్లాలోనే శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ లాంటి కంపెనీలు ఏసీలు తయారుచేస్తున్నాయి. మా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు కొందరు ఆ వైపు ఉద్యోగాలకు వెళ్లారు, సంతోషం. మెషిన్లు మునుపటికంటే చాలా బాగా వస్తున్నాయి. గ్యాస్ కూడా మారింది. ఓజోన్ పొరకు చేటు చేసే ఆర్22ను మాంట్రియల్ ఒప్పందం కింద మెల్లమెల్లగా తప్పిస్తున్నారు. ఇప్పుడు కొత్త ఏసీల్లో ఎక్కువగా వచ్చేది ఆర్32. దానికి కొంచెం మండే గుణం ఉంది. గాలి ఆడని డక్టులో అది లీకై నిలిచి ఉంటే, పైపు వెల్డింగుకు మంట వెలిగించే మనిషి ఎంత టెన్షన్‌తో వెలిగిస్తాడో ఆలోచించండి. అవుట్‌డోర్ పెట్టెతో వచ్చే పుస్తకంలో ముందు ఎంత, వెనక ఎంత, పక్కన ఎంత ఖాళీ వదలాలో బొమ్మ వేసి మరీ చెబుతారు. ఆ పుస్తకం అట్టపెట్టెతో పాటు పాత సామాన్లవాడికి పోతుంది.

నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ఇల్లు గానీ లాడ్జి గానీ కట్టేటప్పుడు, ఏసీ పెట్టే గదుల పక్కన స్లాబుతో పాటే రెండున్నర అడుగుల చప్టా ఒకటి బయటికి పోయండి. మనిషి మోకాళ్ల మీద కూర్చుని పని చేసుకునేంత. దానికి రెయిలింగు పెట్టండి, పై స్లాబులో ఒక ఇనుప కొక్కెం కాంక్రీటులో కలిపేయండి, బెల్టు తగిలించుకోవడానికి. ఎదురుగా గోడ కాకుండా ఆకాశం ఉండాలి. ఏసీలోంచి కారే నీళ్లకు ఒక డ్రెయిన్ పైపు గోడలోనే వేసేయండి, కింది ఇంటివాళ్లతో గొడవలు ఉండవు. ప్లాను మంజూరు చేసే కార్పొరేషన్ అధికారులు కారు పార్కింగు చూపించమన్నట్టే, అవుట్‌డోర్ చోటు కూడా చూపించమని అడగాలి. ప్లాను గీసే ఇంజనీర్లు ఓనర్ అడిగేదాకా ఆగకుండా వాళ్లే గీసి ఇవ్వాలి. మీ పత్రికలో మళ్లీ ఏసీల పేజీ వేసినప్పుడు స్టార్ల పక్కన ఈ సంగతి కూడా వేయండి.

మా కుర్రవాడు మళ్లీ పనికి వస్తున్నాడు. నిచ్చెన ఎక్కడు, షాపులో పీసీబీలు, అంటే ఏసీలోని ఎలక్ట్రానిక్ బోర్డులు, బాగుచేయడం నేర్చుకుంటున్నాడు. పోయిన వారం వాణ్ణి బండి మీద ఎక్కించుకుని అలిపిరి రోడ్డు వైపు కడుతున్న ఒక లాడ్జికి వెళ్లాను. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మూడు స్లాబులు అయ్యాయి, నాలుగోదానికి సెంట్రింగ్ కడుతున్నారు. మేస్త్రీని అడిగి, చప్టా ఎక్కడ వస్తే బాగుంటుందో గోడ మీద సుద్దతో గీసి చూపించాం. కొక్కెం ఎక్కడ ఉండాలో మా కుర్రవాడే చెయ్యెత్తి చూపించాడు. మేస్త్రీ టేపు తీసి కొలుచుకున్నాడు. ఓనరుకు చెబుతానన్నాడు. స్లాబు వేయడానికి ఇంకా ఎనిమిది రోజులుంది.

ఇట్లు,
ఒక ఏసీ మెకానిక్,
కొర్లగుంట, తిరుపతి.